రేస్ బోటు గాలి లైనుకి ఫిట్టింగులు, ట్యూబు: ఒడిశా బరంపురంలో ఏం కొనాలి, ఏది బయట నుంచి తెప్పించుకోవాలి

షాపు కౌంటరు ముందు నిలబడి "పావు ఇంచీ గాలి పైపు, దానికి సరిపడే కనెక్టరు ఇవ్వండి" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే ప్రతి షాపులోనూ ఏదో ఒకటి ఇస్తారు, వాళ్ళ తప్పేమీ లేదు, ఎందుకంటే పావు ఇంచీ అన్న మాటకి ఈ లైనులో మూడు అర్థాలున్నాయి. ట్యూబు బయటి కొలత కావచ్చు, లోపలి రంధ్రం కావచ్చు, మర సైజు కావచ్చు. మర సైజయితే ఇంకా విచిత్రం. పావు ఇంచీ బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర) మేల్ మరకి, అంటే బయటివైపు ఉండే మరకి, వెర్నియర్ కొలబద్ద పెడితే 13.16 మిల్లీమీటర్లు చూపిస్తుంది, అందులో ఎక్కడ వెతికినా పావు ఇంచీ కనబడదు. పాతకాలపు ఇనుప పైపుల లోపలి రంధ్రాన్ని బట్టి పెట్టిన పేరు అలా ఉండిపోయింది, అంతే. ఇక్కడి మెకానిక్కులు దాన్నే "దో సూత్" అంటారు, మన వడ్రంగులు రెండు నూళ్ళు అన్నట్టు. ఏ భాషలో చెప్పినా గందరగోళం మాత్రం అదే.

నాకీ గోల మా బావమరిది వల్ల పట్టింది. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ రేసు జరిగితే వాడు పనిగట్టుకుని ఇక్కడి నుంచి వెళ్ళి చూసొచ్చాడు, ఆ పిచ్చి అలాగే ముదిరి ముంబైలో ఎవరో అమ్ముతున్న పాత అమెరికా తయారీ రేస్ బోటు ఒకటి కొని, లారీ మీద తెచ్చి గోపాల్‌పూర్ దగ్గర షెడ్డులో పెట్టాడు. ఇంటి ముందు ఏనుగుని కట్టేశాడని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఆ బోటులో గేరు మారేది గాలితో. చిన్న గాలి బాటిల్, దాని మెడ మీద రెగ్యులేటర్, స్టీరింగ్ మీది బటన్ నొక్కితే కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు, అక్కడి నుంచి గేర్‌బాక్సు మీద కూర్చున్న బొటనవేలంత ఎయిర్ సిలిండర్. రెగ్యులేటర్ దాటాక ప్రెషర్ 120 పీఎస్‌ఐ, అంటే 8 బార్ పైచిలుకు. షాపులో మాత్రం "ఎనిమిది కేజీలు" అనండి. బార్‌కీ కేజీకీ తేడా రెండు శాతమే, కేజీ అంటే అందరికీ వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ రాసేదంతా రెగ్యులేటర్ తర్వాత ఉండే ఆ 8, 10 బార్ లైను గురించే. బాటిల్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య ఉండే ముక్క వేరే లోకం, అక్కడ వందల్లో ప్రెషర్ ఉండొచ్చు, ఆ ముక్క పాడైతే బాటిల్ నింపే, టెస్ట్ చేసే లైసెన్సున్న చోటికే తీసుకెళ్ళాలి. పెద్ద ట్రాలర్ల మీద ఇంజిన్ని గాలితో స్టార్ట్ చేసే లైను ఉంటుందే, అది కూడా 30 బార్ దాకా పోతుంది, దానికీ ఈ ప్లాస్టిక్ ట్యూబులకీ సంబంధం లేదు. ఇంకొకటి, మూసి ఉన్న కాక్‌పిట్ బోటయితే డ్రైవరు మాస్కుకి వెళ్ళే ఎమర్జెన్సీ గాలి లైను విడిగా ఉంటుంది. అది మనిషి పీల్చే గాలి. కంప్రెసర్ షాపు ట్యూబు ముక్క, నూనె తడి ఉన్న ఫిట్టింగు దాని దరిదాపుల్లోకి కూడా రానివ్వకూడదు, అది డైవింగ్ సామాను వాళ్ళ పని.

సరే, కొలతలు. వెయ్యి రూపాయల లోపే డిజిటల్ వెర్నియర్ వస్తుంది, అది లేకుండా ఈ పనికి దిగొద్దు. ముందు లైనులో గాలి మొత్తం వదిలేయండి, గేజి సున్నా చూపించాక కూడా సోలినాయిడ్ బటన్ రెండుసార్లు నొక్కండి, వాల్వుకి అవతల ఇరుక్కున్న గాలి బుస్సుమని పోతుంది. ఆ తర్వాత పాత ట్యూబు ముక్క ఒక జానెడు కోసి, దాని బయటి కొలత నాలుగైదు చోట్ల తిప్పి తిప్పి చూడండి, నలిగిన చోట కాదు, గుండ్రంగా ఉన్న చోట. పుష్ ఫిట్టింగుల, అంటే ట్యూబు తోస్తే చాలు పట్టుకునే వాటి, లెక్కంతా బయటి కొలత మీదే నడుస్తుంది. లోపలి రంధ్రం గాలి ఎంత వేగంగా పోతుందో చెబుతుంది, అమరికకి దాంతో పనిలేదు.

మన మార్కెట్లో దొరికేవి మిల్లీమీటర్ ట్యూబులు: 4, 6, 8, 10, 12. అమెరికా బోటులో ఉండేవి ఇంచీ ట్యూబులు. వీటిలో రెండు చోట్ల అదృష్టం కలిసొస్తుంది. 5/32 ఇంచీ అంటే 3.97, కాబట్టి 4 ఎంఎం ఫిట్టింగులో చక్కగా కూర్చుంటుంది. 5/16 అంటే 7.94, అది 8 ఎంఎంలో కూర్చుంటుంది. మిగతావి కూర్చోవు. పావు ఇంచీ ట్యూబు 6.35, 3/8 ట్యూబు 9.53, అర ఇంచీ ట్యూబు 12.7. మన బోటులో ఉన్నది, మీ బోటులో కూడా బహుశా ఉండేది, ఆ 6.35 వాడే.

మొదటిసారి నేను బోల్తా పడింది ఇక్కడే. పాత ఫిట్టింగులన్నీ బాగానే ఉన్నాయి కదా, ట్యూబు ఒక్కటే మార్చేద్దామని 6 ఎంఎం నీలం ట్యూబు పది మీటర్లు తెచ్చి పావు ఇంచీ ఫిట్టింగులో తోశాను. లోపలికి వెళ్ళింది, కాస్త లాగి చూస్తే రాలేదు కూడా, లోపల కాలెట్, అంటే ట్యూబుని పట్టుకునే రింగు, దాని పళ్ళు ఎలాగో పట్టుకున్నాయి. షెడ్డులో నీడన 5 బార్ పెడితే నిలబడింది. మర్నాడు మధ్యాహ్నం ఎండలో 8 బార్ పెట్టి బావమరిది బటన్ నొక్కాడు, ఫట్‌మని శబ్దం, ట్యూబు ఊడి పాములా కొట్టుకుంటూ వాడి మోచేతి మీద ఒక గీత గీసింది. "బావా, ఇది గేరు మార్చలేదు, నన్ను మార్చేసింది" అన్నాడు చెయ్యి రుద్దుకుంటూ. 0.35 మిల్లీమీటరు తేడా అంటే మామూలు కాగితాలు మూడు నాలుగు కలిపిన మందం, అంతే. కంటికి ఆనదు. ప్రెషర్ పెట్టేటప్పుడు కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, లైను మీదికి వంగకండి, నాలా అదృష్టం మీద వదిలేయకండి.

వెర్నియర్ చేతిలో లేనప్పుడు ఒక చిట్కా. ఇంట్లో తాగేనీళ్ళ ఆర్‌ఓ ఫిల్టరుకి ఉండే సన్నటి తెల్ల ట్యూబు సరిగ్గా పావు ఇంచీ, అదే 6.35. ఏ ఆర్‌ఓ సర్వీసు కుర్రాణ్ణి అడిగినా అర మీటరు ఊరికే ఇస్తాడు. దాని చివర నీటుగా కోసి జేబులో పెట్టుకోండి. మీ బోటు ఫిట్టింగులో అది పట్టుగా దిగి ఊగకుండా నిలబడితే అది పావు ఇంచీ, దిగనే దిగకపోతే 6 ఎంఎం. ఇది కొలబద్దకి మాత్రమే. ఆర్‌ఓ ట్యూబు పాలిథిలీన్‌ది, చల్లటి నీళ్ళకి చేసింది, ఇంజిన్ పక్క వేడికి మెత్తబడుతుంది. "అన్నీ సరిపోతున్నాయి కదా, ఇదే వేసేద్దాం" అనిపించడం సహజం, నాకూ అనిపించింది, వేయొద్దు.

ఇప్పుడు మర సంగతి, అసలు తలనొప్పి ఇదే. మన దేశంలో దొరికే న్యూమాటిక్ సామానులో, అంటే గాలితో నడిచే సామానులో, ఎక్కువ భాగం బీఎస్‌పీ, అమెరికా బోటు మీద ఉండేది ఎన్‌పీటీ, అంటే అమెరికా పైపు మర. బీఎస్‌పీ మర కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. 1/8 సైజులో బీఎస్‌పీకి ఇంచీకి 28 మరలు, బయటి కొలత 9.73, ఎన్‌పీటీకి 27 మరలు, 10.29 దగ్గర. పావు సైజులో 19కి 18, 13.16కి 13.72. అంటే బీఎస్‌పీ నిప్పిల్‌ని ఎన్‌పీటీ రంధ్రంలో తిప్పితే మొదట్లో వదులుగా రెండు మూడు చుట్లు తిరిగి ఠక్కున బిగిసిపోతుంది, బాగా పట్టిందనుకుంటాం. నిజానికి మరలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, ఎంత టెఫ్లాన్ చుట్టినా ఆ సందులోంచి గాలి మెలికలు తిరుగుతూ బయటికి వస్తుంది. ఇంకొంచెం బిగిద్దామని స్పానర్ మీద బలం వేస్తే అల్యూమినియం వాల్వు బాడీ పగులుతుంది. అర ఇంచీ, ముప్పావు సైజుల్లో మోసం ఇంకా ఎక్కువ, అక్కడ రెండింటికీ ఇంచీకి 14 మరలే, కాబట్టి తేడా తెలియకుండా లోపలిదాకా వెళ్ళిపోతుంది.

గుర్తుపట్టడం ఎలా అంటే, బరంపురంలో ఏ కంప్రెసర్ షాపులోనైనా దొరికే 1/8, 1/4 బీఎస్‌పీ సాకెట్లు ఒక్కోటి కొని ఉంచుకోండి, అవి మీ శాంపిల్. బోటు నుంచి తీసిన మేల్ ఫిట్టింగుని వాటిలో చేత్తో తిప్పండి. ఒక చుట్టు, చుట్టున్నర దగ్గర ఆగిపోతే ఎన్‌పీటీ అని అనుమానించండి, ఐదారు చుట్లు నున్నగా వెళ్తే బీఎస్‌పీ. మర దువ్వెన ఉంటే, అదే థ్రెడ్ గేజి, ఇంకా మంచిది, 55 డిగ్రీలదీ 60 డిగ్రీలదీ రెండు సెట్లూ ఉండాలి, దీపానికి ఎదురుగా పట్టుకుని సందులో వెలుగు కనబడుతోందేమో చూడాలి.

కొన్ని రేస్ బోట్లలో గాలి లైను పుష్ ఫిట్టింగులతో కాకుండా నీలం, ఎరుపు అల్యూమినియం ఏఎన్ (ఒక అమెరికా ప్రమాణం) ఫిట్టింగులతో ఉంటుంది. వాటి ముక్కు కోణం 37 డిగ్రీలు. ఏఎన్-4 అంటే పావు ఇంచీ లైను, మర 7/16-20, అంటే 7/16 ఇంచీ కొలత, ఇంచీకి 20 మరలు. ఏఎన్-6 అంటే 3/8, మర 9/16-18. ఫ్రిజ్, ఏసీ మెకానిక్కుల దగ్గర ఉండే ఫ్లేర్ నట్లు 45 డిగ్రీలవి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కలపకూడదు. 37 డిగ్రీలవి కావాలంటే హైడ్రాలిక్ హోస్ కట్టే షాపులో "జేఐసీ" అని అడగండి. వాళ్ళు అర్థం చేసుకుంటారు, పొక్లెయిన్లకీ జేసీబీలకీ అవే వాడతారు.

ట్యూబు దేంతో చేసిందన్నది మన తీరంలో చాలా ముఖ్యం. ఇక్కడ ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఆగవు. కౌంటరు మీద నీలం రంగులో చుట్టలు చుట్టలుగా ఉండేది పాలీయురేథేన్, పీయూ అంటారు. మెత్తగా వంగుతుంది, ఇరుకులో పని చేసుకోవడానికి హాయి, పేరున్న కంపెనీలదయితే మామూలు ఉష్ణోగ్రత దగ్గర 10 బార్ దాకా తట్టుకుంటుంది. కానీ వేడెక్కే కొద్దీ ఆ అంకె బాగా దిగిపోతుంది, 60 డిగ్రీల దగ్గర పదిని నమ్ముకోకూడదు. పైగా పీయూలో రెండు జాతులున్నాయి. పాలియెస్టర్ రకం వేడి, తడి కలిసిన చోట లోలోపలే విరిగిపోతుంది, ఆ విరగడానికి హైడ్రాలిసిస్ అని పేరు. రెండు వర్షాకాలాలు పోయాక ముట్టుకుంటే చేతికి జిగురు అంటి, వంచితే సన్నటి పగుళ్ళు కనబడతాయి. పాలియీథర్ రకం తడికి ఓర్చుకుంటుంది. రెండూ ఒకే నీలం రంగులో ఉంటాయి కాబట్టి డేటా షీట్ చూడకుండా చెప్పలేం. బోటుకి పీయూ వేయాలనుకుంటే పాలియీథర్ అని నోరు తెరిచి అడగండి. సమాధానం "అన్నీ ఒకటే భైనా (అన్నా)" అని వస్తే ఆ చుట్ట వదిలేయండి.

నా ఓటు నల్ల నైలానుకి. పీఏ12 లేదా పీఏ11 రకం. గట్టిగా ఉంటుంది, వంపులు పెద్దవి కావాలి, ఇరుకులో తిప్పేటప్పుడు తిట్టుకుంటాం. కానీ ప్రెషరూ వేడీ పీయూ కన్నా బాగా తట్టుకుంటుంది, పెట్రోలు ఆవిరికి బెదరదు, నలుపు రంగు వేసిన కార్బన్ వల్ల ఎండకి తొందరగా పెళుసెక్కదు. ఒక్క బ్యాటరీ యాసిడ్ తగలకుండా చూసుకోవాలి. పారదర్శకంగా ఉండే పీవీసీ లెవెల్ పైపు, అక్వేరియం పైపు, గ్యాస్ స్టవ్ నారింజ పైపు, ఇవి బోటులో కనబడితే ఎవరు వేశారో అడక్కుండా పీకేయండి.

నైలాన్ ఎక్కడ దొరుకుతుంది? ఇదిగో ఇక్కడే బరంపురానికి ఒక సౌకర్యం ఉంది. మద్రాసు, కలకత్తా హైవే, ఇప్పటి ఎన్‌హెచ్-16, ఊరి పక్క నుంచే పోతుంది, లారీ స్పేర్ పార్టుల షాపులకి కొదవ లేదు. లారీల ఎయిర్ బ్రేకుకి వాడే ట్యూబు నైలానే, 6, 8, 10, 12 సైజుల్లో మీటరు లెక్కన కోసి ఇస్తారు, లారీ బ్రేకు లైను కూడా దాదాపు 8 బార్ దగ్గరే నడుస్తుంది కాబట్టి మన పనికి సరిగ్గా సరిపోతుంది. "హవా పైప్, బ్రేక్‌వాలా, నైలాన్" అంటే చాలు. ట్యూబు మీద అచ్చు చదవండి, సైజు, పదార్థం, ప్రమాణం నంబరు ఉంటాయి. డీఐఎన్ 73378 లేదా ఐఎస్ఓ 7628 అని ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఏమీ అచ్చు లేని నల్ల ట్యూబు అదే రేకు డబ్బాలో ఉంటుంది, సగం ధరకి ఇస్తారు, వద్దు.

కానీ అదే కౌంటరులో ఫిట్టింగులు కూడా తీసుకుందామని ఆశపడకండి. లారీ బ్రేకు ఫిట్టింగుల మర ఎం12×1.5, ఎం16×1.5, ఎం22×1.5 తరహా మెట్రిక్ మర, మన వాల్వులకీ సిలిండర్లకీ పట్టదు. నేనొకసారి ఆ షాపులోనే గంట కూర్చుని డబ్బాలన్నీ తిరగేశాను. ఓనరు సోంపేట వైపు మనిషి, నాతో తెలుగు, కుర్రాడితో ఒడియా, ఫోనులో హిందీ, చివరికి విసుగొచ్చి "బాబూ, ట్యూబు తీస్కెళ్ళు, కనెక్టరు కోసం వైజాగ్ పో, నా టైమూ నీ టైమూ ఎందుకు" అన్నాడు. టీ కూడా తాగించాడు. ఆయన చెప్పిందే నిజం.

వైజాగ్ అంటే గాజువాక ఆటోనగర్ వైపు. బరంపురం నుంచి రోడ్డున 260 కిలోమీటర్ల చిల్లర, పొద్దున్న రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అటు భువనేశ్వర్ ఇంకా దగ్గర, 170 దాకా, రసూల్‌గఢ్, మంచేశ్వర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో న్యూమాటిక్ సామాను దొరుకుతుంది. రాయగడ వైపు ఉన్నవాళ్ళకి ఇంకో దారి, జేకేపూర్ పేపర్ మిల్లు, తెరుబలి ఫెర్రో ఎల్లాయ్స్ ఉన్నాయి కాబట్టి వాటికి సామాను సప్లై చేసే చిన్న ఏజెంట్లని పట్టుకుంటే ఒకటీ రెండూ ముక్కలైనా తెప్పిస్తారు. ప్లాంటు స్టోర్లో పనిచేసే చుట్టం "నేను తెస్తాలే" అంటే మాత్రం దండం పెట్టి వద్దనండి, మూడొందల రూపాయల ఫిట్టింగు కోసం వాడి ఉద్యోగం ఎందుకు.

వెళ్ళకుండా తెప్పించుకోవాలంటే వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపండి: పాత ఫిట్టింగు పక్కన స్కేలు, ట్యూబు మీద వెర్నియర్ అంకె కనబడేలా, మర దగ్గరగా. కంపెనీ కోడు తెలిస్తే ఇంకా మంచిది. ఉదాహరణకి ఎస్ఎంసీ అనే కంపెనీ వాళ్ళ కేక్యూ2 సిరీస్‌లో కేక్యూ2హెచ్06-01 అంటే 6 ఎంఎం ట్యూబు, 1/8 బీఎస్‌పీ టేపర్ (కొసకి సన్నబడే) మర. కేక్యూ2హెచ్07-34 అంటే పావు ఇంచీ ట్యూబు, 1/8 ఎన్‌పీటీ. ఆ 07 అన్నది 7 ఎంఎం కాదు, ఇంచీ సైజుకి వాళ్ళు పెట్టుకున్న గుర్తు. 34 మర 1/8 ఎన్‌పీటీ, 35 మర 1/4 ఎన్‌పీటీ. డీలరు దగ్గర స్టాకులో ఉండేది బీఎస్‌పీదే, ఎన్‌పీటీది ఆర్డర్ పెట్టాలి, రోజులు పడుతుంది. ఫెస్టో, జనాటిక్స్, పార్కర్ లెగ్రిస్, ఎవరిదైనా సరే, కోడుతోపాటు "ఎన్‌పీటీ" అని మాటల్లో కూడా రాయండి. రాయకపోతే బీఎస్‌పీ వస్తుంది, వెనక్కి పంపే ఖర్చు మీది. మేం వైజాగ్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఆర్టీసీ కార్గోలో వేయించుకుంటాం, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు బండి మీద వెళ్ళి తెచ్చుకోవడమే.

ఇంచీలోనే ఉండిపోవాలా, మెట్రిక్‌కి మారిపోవాలా అన్నది మీరు తేల్చుకోవాలి. బోటుని మళ్ళీ అమ్మేసే ఉద్దేశం ఉంటే, లేదా లైనులో మారాల్సింది రెండే ఫిట్టింగులయితే, ఇంచీవే తెప్పించండి. మేం మారిపోయాం. వాల్వు మీద, సిలిండర్ మీద, రెగ్యులేటర్ మీద కలిపి ఆరు ఎన్‌పీటీ రంధ్రాలు, ఒక్కోదానికి ఎన్‌పీటీ మేల్ నుంచి బీఎస్‌పీ ఫిమేల్‌కి బ్రాస్ అడాప్టరు ఒక్కసారి పెట్టి, ఇక తీయకుండా సీల్ చేసేశాం. హైడ్రాలిక్ హోస్ షాపుల్లో ఇవి దొరుకుతాయి. ఆ పైన అంతా 6 ఎంఎం. పాత పావు ఇంచీ నైలాన్ లోపలి రంధ్రం 4.3 దాకా ఉండేది, కొత్త 6×4 ట్యూబుది 4, గేరు పడే వేగంలో మాకు తేడా ఏమీ తెలియలేదు. నష్టం ఏంటంటే అడాప్టరు వల్ల ఫిట్టింగు ఇంచీ పొడుగు బయటికి వస్తుంది, గట్టి కుదుపుకి అది మీటలా పనిచేసి వాల్వు మీద బలం వేస్తుంది, కాబట్టి ట్యూబుకి దగ్గర్లోనే క్లిప్పు వేసి కట్టాలి. ఇప్పుడు లాభం చెబుతాను: ఆదివారం సాయంత్రం ఆరింటికి ట్యూబు పోయినా లారీ షాపు తెరిచే ఉంటుంది.

ఫిట్టింగు లోహం గురించి క్లుప్తంగా. జింకు పూత వేసిన ఇనుపవి ఇక్కడ ఒక్క వానాకాలంలో ఎర్రబడతాయి. నికెల్ పూత వేసిన బ్రాస్ చాలావరకు చాలు, వాడాక మంచినీళ్ళతో కడిగితే ఏళ్ళు ఉంటుంది. నీళ్ళు నేరుగా కొట్టే చోట 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, డబ్బుంటే. 304ని 316 అని అంటగట్టేవాళ్ళున్నారు, అయస్కాంతంతో ఆ రెండూ విడదీయలేం, 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, బాడీ మీద అచ్చు, బిల్లు మీద గ్రేడు ఉంటేనే ఆ ధర ఇవ్వండి. ప్లాస్టిక్ బాడీ పుష్ ఫిట్టింగులు కూడా మంచివే, ఉప్పుకి ఏమీ కావు, కానీ ఇంజిన్ ఎగ్జాస్ట్‌కి దూరంగా ఉండాలి. చవక కాపీలని పట్టుకోవడానికి కౌంటరు దగ్గరే పరీక్ష ఉంది: ట్యూబు ముక్క తోసి, విడిచే రింగు నొక్కి, తీసి, ఇలా పదిసార్లు చేయండి. రింగు వంకరగా ఇరుక్కున్నా, ట్యూబు మీద పళ్ళ గీత ఒక వైపే పడినా పక్కన పెట్టేయండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

బిగించేటప్పుడు: ట్యూబు కోయడానికి కటింగ్ ప్లేయరు వాడితే చివర గుడ్డు ఆకారంలోకి నలుగుతుంది, ఎంత మంచి ఫిట్టింగయినా కారుతుంది. ట్యూబు కటరు లేదా కొత్త బ్లేడు, నిలువుగా, ఒక్క కోత. తోసేటప్పుడు మొదట ఒకచోట ఆగినట్టుంటుంది, అది కాలెట్ పట్టిన చోటు, ఆగకుండా ఇంకా తోస్తే ఓ-రింగు, అంటే గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు, దాటి అడుగుకి తగులుతుంది. అడుగు ఎంత లోతో ముందే ట్యూబు మీద మార్కరుతో గీత పెట్టుకుంటే అనుమానం ఉండదు. తర్వాత ఒకసారి గట్టిగా లాగండి. ప్రతి ముక్కా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచండి, విప్పిన ప్రతిసారీ పళ్ళ గాట్లు పడ్డ చివర కోసి పారేయాలి కాబట్టి. టెఫ్లాన్ టేపు మొదటి మర వదిలేసి, మర తిరిగే దిక్కులో రెండు మూడు చుట్లు. మొదటి మర మీద చుడితే ఆ తునకలే సోలినాయిడ్‌లోకి వెళ్ళి వాల్వు సగం తెరుచుకుని ఉండిపోతుంది. మాకు అలా ఒక వాల్వు పోయింది, విప్పి చూస్తే గోరంత తెల్ల పీలిక. అడాప్టర్లకయితే టేపు మానేసి లోక్‌టైట్ 577 లాంటి మర సీలెంట్ వాడాం, కాకపోతే దాన్ని ప్లాస్టిక్ మర మీద పూయకూడదు, పగుళ్ళిస్తుంది.

లీకు చూడడానికి గిన్నెలో షాంపూ నురగ, పాత షేవింగ్ బ్రష్షు. ముందు 2 బార్ పెట్టి అన్ని జాయింట్లూ చూసి, తర్వాతే 8కి పెంచండి. చిన్న లీకు నురగలో చీమ గుడ్లలా సన్నటి బుడగలు పెడుతూ ఉంటుంది, ఒక నిమిషం ఆగి చూస్తేనే కనబడుతుంది. చివరిగా రాత్రి 8 బార్ పెట్టి బాటిల్ వాల్వు మూసి పడుకోండి. పొద్దున్న 7.7 చూపించిందని కంగారు పడొద్దు, సాయంత్రం 35 డిగ్రీలున్న గాలి తెల్లారేసరికి 25కి చల్లబడితేనే అంత పడిపోతుంది. 7 కిందికి దిగితే మళ్ళీ షాంపూ గిన్నె తీయండి.

మా షెడ్డులో ఇప్పుడు ఒక హార్లిక్స్ సీసా ఉంది. అందులో 6 ఎంఎం స్ట్రెయిట్ కనెక్టర్లు నాలుగు, ఎల్బోలు రెండు, ట్యూబుని ట్యూబుకి కలిపే యూనియన్లు రెండు, 6 ఎంఎం మూసే ప్లగ్గులు, ఎన్‌పీటీ అడాప్టర్లు రెండు, రెండు మీటర్ల నల్ల నైలాన్, ఒక కొత్త బ్లేడు. అడాప్టర్ల పొట్లం మీద "ఎన్‌పీటీ, బీఎస్‌పీతో కలపొద్దు" అని బావమరిది ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాడు, కిందే ఒడియాలో కూడా రాయించాడు, షెడ్డు కుర్రాడి కోసం.